రెండో రిమోట్

తల మీంచి హెల్మెట్ తీసేసరికి గిరిధర్ కళ్ళు రెండూ తడిసి ఉన్నాయి. యాభైకి దగ్గరపడ్డ మనిషి. గాజువాకలో బ్యాటరీల షాపు నడుపుతూ పొద్దస్తమానం ఆటోవాళ్ళతో అరుచుకునే మనిషి. అలాంటివాడు ఆ ల్యాబు కుర్చీలో కూర్చుని, ముక్కు తుడుచుకుంటూ చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు.

"అక్కా, అచ్చం అదేనక్కా! ఆ నీలం నీళ్ళు, ఆ బుడగలు, గుహలోకి దూరేటప్పుడు వచ్చే ఆ మ్యూజిక్కు... మన క్వార్టర్స్‌లో మొదటిసారి ఆడినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఏం మాయ చేశావక్కా!"

హిమబిందు గొప్పగా నవ్వింది. నవ్వదూ మరి! ఎన్ని కంపెనీలు ప్రయత్నించి చేతులెత్తేసిన పని అది!

పాత వీడియో గేములకు కొత్త చొక్కా తొడిగి మళ్ళీ అమ్మడం అందరూ చేసేదే. బొమ్మలు నున్నగా చేస్తారు, రంగులు దిద్దుతారు, పాట కొత్తగా వాయిస్తారు. కొనుక్కున్నవాడు కాసేపు ఆడి, "ఏమో, అప్పట్లో ఇంకా బాగుండేదే" అని పక్కన పడేస్తాడు. నిజానికి అప్పట్లోనూ అది ఇంతే. చుక్కలు చుక్కలుగా నాలుగు బొమ్మలు, కీచుమనే పాట. దాన్ని సముద్రమంత చేసి పెట్టుకుంది వాడి బుర్ర. అందుకే ఋషికొండ మీది ఈ కంపెనీవాళ్ళు పాత ఆటను క్యాసెట్‌లో వెతకడం మానేసి, ఆడినవాడి బుర్రలోనే వెతకడం మొదలుపెట్టారు. ఆ హెల్మెట్‌కి 'తొలిసారి' అని పేరు పెట్టారు.

"కళ్ళు మూసుకుని, మొదటిసారి ఆడిన రోజు తలుచుకోరా" అని గిరికి చెప్పింది హిమబిందు ఇందాక. అంతే వాడు చెయ్యాల్సింది. తలుచుకున్న జ్ఞాపకం కాసేపు తడి సిమెంటులా మెత్తబడుతుంది. గట్టిపడేలోపు హెల్మెట్ దాన్ని చదివి, అందులోని ఆటని మెరుగుపెట్టి, మళ్ళీ అక్కడే అచ్చు వేసేస్తుంది. ఇక ఆడినవాడికి అది కొత్త ఆటలా ఎలా ఉంటుంది? తన ఆటే, మొదటిరోజు ఆటే.

చిక్కల్లా ఒకటే వచ్చింది మొదట్లో. జ్ఞాపకంలో ఆట ఒక్కటే ఉండదు కదా! ఫ్యాను చప్పుడు, వంటింట్లో కుక్కరు కూత, కరెంటు పోయినప్పుడు పెట్టిన కేకలు, అన్నీ కలిసి వచ్చేసేవి. ఆ గోలలో బొమ్మ మసకబారి, ఆడేవాళ్ళకు కళ్ళు తిరిగి వాంతులయ్యేవి. ఆ గోలనంతా ఏరి పారేసే ప్రోగ్రామ్ రాసింది హిమబిందు. దానికి 'జల్లెడ' అని పేరు పెట్టింది కూడా తనే. జల్లెడ వచ్చాక వాంతులు ఆగాయి. మొదటి ఆటగా 'చేపలాట' విడుదల కావడానికి ఇంకో రెండు వారాలుంది. క్యాసెట్ మీద ఏదో విదేశీ భాషలో ఉన్న పేరు ఆ రోజుల్లో ఎవరికీ చదవడం రాక, పిల్లలందరూ దాన్ని చేపలాట అనే పిలిచేవాళ్ళు. ఇప్పుడు కంపెనీవాళ్ళు కూడా అదే పేరు ఉంచేశారు.

విడుదలకు ముందు తమ్ముణ్ణి పిలిపించి, హెల్మెట్ పెట్టించి, వాడికో కానుక ఇచ్చాననుకుంది ఆమె.

*

ఆదివారం గిరి వాళ్ళింట్లో భోజనం. వంజరం చేపల పులుసు వాసన మెట్ల దగ్గరికే వచ్చింది. గిరి భార్య అనూరాధ వడ్డిస్తోంది. కూతురు లాస్య, ఇంజనీరింగు చదువుతున్న పిల్ల, తన కంచంలో పప్పూ అప్పడమూ వేసుకుని అత్త పక్కన కూర్చుంది.

"అత్తా, నీ హెల్మెట్ గురించి నాన్న ఊరంతా టముకు వేస్తున్నాడు. షాపుకి వచ్చినవాళ్ళకి బ్యాటరీ సంగతి తర్వాత, ముందు ఈ కథే" అంది లాస్య.

"వేయరూ మరి!" అంది అనూరాధ పులుసు గరిటె పట్టుకుని. "పెళ్ళైన కొత్తలో ఈయన నాకు చెప్పిన మొదటి కబురు అదే వదినా. 'మా అక్క డైవరు, నేను పసుపు చేపని. మా అక్క నన్ను వదిలేసి ఒక్క ఆటా ఆడేది కాదు. దాని ఫ్రెండ్స్ వచ్చినా సరే, నా రిమోట్ నాకిచ్చాకే మొదలెట్టేది' అని. ఎన్నిసార్లు చెప్పారో! నాకే అలాంటి అక్క లేకపోయిందే అనిపించేది వింటుంటే."

గిరి ముల్లు తీస్తూ నవ్వాడు. "ఏ చేప?"

"పసుపు చేపండీ. మీరు ఆడేది."

"అది కంప్యూటరు నడిపేది కదే. డైవరు వెనకాల దానంతటదే వస్తుంది. మొన్న కూడా చూశాను కదా."

"మరి మీ రిమోటు?"

"ఒకటే రిమోటు. నేనొక్కణ్ణే ఆడుకునేవాణ్ణి. అక్క చదువుల పిల్ల, దాని లోకం దానిది. ఈ ఆటలవీ ఎక్కడ పట్టాయి దానికి! కదక్కా?"

హిమబిందు వాడి మొహంలోకి చూసింది. ఏడిపిస్తున్నాడేమో అనుకుంది. వాడికా అలవాటు ఉంది కూడా. కానీ వాడు ఎదురు చూస్తున్నాడు, 'అవున్రా' అంటుందని.

"అదేంటండీ" అంది అనూరాధ. "మరి దీన్ని పుట్టినప్పట్నుంచీ చేపపిల్లా చేపపిల్లా అని ఎందుకు పిలుస్తున్నట్టు? నేను పసుపు చేపని, నా కూతురు చేపపిల్ల అని ఆసుపత్రిలోనే పేరు పెట్టేశారుగా!"

గిరి చేతిలో ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది. కాసేపు తడుముకున్నాడు. "ఎందుకంటే... దీనికి చేపలంటే ఇష్టం కదా చిన్నప్పట్నుంచీ."

"నాకా!" అంది లాస్య తన పప్పుకంచం పైకెత్తి చూపిస్తూ. "నాన్నా, నేను చేప వాసనొస్తేనే బాల్కనీలోకి పారిపోతాను కదా!"

అందరూ పగలబడి నవ్వారు. గిరి కూడా నవ్వాడు. హిమబిందు మాత్రం కంచం పక్కకి జరిపింది. రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగి, తలనొప్పిగా ఉందని చెప్పి లేచిపోయింది.

తలనొప్పి కాదు. తల కొట్టేసినట్టయింది ఆమెకి. ఎందుకో చెప్పాలంటే ఆ ఆట సంగతి కాస్త చెప్పాలి.

స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌లో ఉండే రోజుల్లో నాన్న ఒక టీవీ గేము తెచ్చాడు. దానికి రెండు రిమోట్లు, రెండూ వైర్లతో పెట్టెకి తగిలించేవి. చేపలాటలో ఇద్దరు ఆడొచ్చు. ఒకరు డైవరు, రెండోవారు పసుపు చేప. కాకపోతే ఇద్దరికీ కలిపి ప్రాణాలు ఒకటే. గిరి ఆమెకంటే ఐదేళ్ళు చిన్న. వాడి చేతికి చేపనిస్తే నేరుగా తీసుకెళ్ళి పగడాల్లో గుచ్చేవాడు, ఇద్దరి ప్రాణాలూ పోయేవి. విసిగిపోయిన హిమబిందు ఒకరోజు రెండో రిమోట్ వైరు ఊడదీసి, కొసని టీవీ బల్లగుడ్డ కిందికి తోసేసి, ఒక్కరే ఆడే ఆట పెట్టేసింది. అప్పుడు చేపని మిషనే నడుపుతుంది. రిమోట్ మాత్రం వాడి చేతిలో పెట్టింది. "ఆ చేప నువ్వేరా. నొక్కు" అంది.

వాడు నొక్కాడు. సెలవులన్నీ నొక్కాడు. బొటనవేలు బొబ్బలెక్కేదాకా నొక్కాడు. చేప సొరచేపని తప్పించుకున్నప్పుడల్లా, "చూడు చూడు అక్కా, ఎలా తప్పించుకున్నానో!" అని గంతులేసేవాడు. "సూపర్‌రా, నువ్వే కొట్టావు" అనేది ఆమె, వెనకాల కూర్చున్న స్నేహితురాళ్ళకి కన్ను కొట్టి. వాళ్ళు మూతికి చేతులడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు.

ఇది ఆమెకి పెద్దయ్యాక కూడా తప్పుగా తోచలేదు, అదీ విచిత్రం. ఆఫీసు పార్టీల్లో జోకుగా చెప్పేది. జనం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. వాడు దాన్ని ఇంకోలా దాచుకున్నాడనీ, పెళ్ళానికి మొదటి కబురుగా చెప్పుకున్నాడనీ, కూతురికి పేరుగా పెట్టుకున్నాడనీ ఆమెకు తెలిసింది ఇవాళే. తెలిసేసరికి వాడి దగ్గర అది లేదు.

*

మర్నాడు ల్యాబుకి వెళ్ళి తలుపేసుకుంది. గిరి జ్ఞాపకం పాత కాపీ ఏమైనా ఉందేమోనని వెతికింది. ఉండదని ఆమెకు తెలుసు. 'మీ జ్ఞాపకాలు మీవే, మేము దాచుకోము' అని కంపెనీవాళ్ళు గోడలనిండా రాసుకున్నారు. ఆ మాట మీద నిలబడ్డారు కూడా, చేసిన మంచిపని ఏదైనా ఉంటే అదొక్కటి.

ఉన్నది ఒక్క జ్ఞాపకమే. జల్లెడ తయారుచేసేటప్పుడు దానికి ఏది ఆటో ఏది గోలో నేర్పించాలి కదా. బయటివాళ్ళని ఎవర్నీ నమ్మలేక, హిమబిందు తన తలకే హెల్మెట్ పెట్టుకుని, తన చేపలాట జ్ఞాపకాన్నే తీసి నేర్పించింది. ఆ రోజుల్లో హెల్మెట్ చదవడమే గానీ మళ్ళీ అచ్చు వెయ్యడం ఇంకా రాలేదు, కాబట్టి ఆమెది ఆమె దగ్గర చెక్కు చెదరకుండా ఉంది. దాని కాపీ ల్యాబులో ఉంది.

దాన్ని తెర మీద పెట్టింది. టీవీ, అందులో నీలం నీళ్ళు, డైవరు. తెరకి ఎడమవైపు అంచున ఒక చిన్న మోకాలు, దాని మీద గీరుకుపోయిన మచ్చ. ఒక రిమోట్, దాన్ని ఆగకుండా నొక్కే బొటనవేలు. "చూడు చూడు అక్కా!" అని గొంతు. వాటన్నిటి మీదా బూడిదరంగు గీతలు. గోల అని గుర్తు.

ఆ గీతలు గీసింది ఎవరో కాదు. మొదట్లో అన్నీ చేత్తోనే గుర్తులు పెట్టాలి. ఫ్యాను చప్పుడు, గోల. కుక్కరు, గోల. తెర మీద ఏ బొమ్మనీ కదిలించని చెయ్యి, గోల. ఆ చేతివాడి అరుపు, గోల. టీ తాగుతూ టకటకా గుర్తులు పెట్టుకుంటూ పోయింది ఆ రోజు. ఇది మా గిరిగాడి గొంతు కదా అనైనా అనుకోలేదు. మిషను అమాయకపుది, ఆమె నేర్పింది నేర్చుకుంది. ఆట పక్కన కూర్చుని ఆటని కదిలించనివాళ్ళంతా చెత్తేనని నేర్చుకుంది. అలా ఎవరి బుర్రలోకి వెళ్ళినా, పక్కన కూర్చున్నవాణ్ణి ఏరి పారేస్తూ వచ్చింది. ఆ నేర్పుతోనే గిరి బుర్రలోకి వెళ్ళింది. అక్కడ గిరి ఆడుతున్నాడు, పక్కన అక్క ఉంది. తలుచుకునేవాడు గిరి కాబట్టి ఆడేది గిరే. పక్కనున్న అక్క గోల. అక్క పోయాక డైవరు గిరి చేతికొచ్చాడు, చేప మిషనుకి పోయింది.

వైరు ఊడదీసిందీ ఆమే, వాడి గొంతుని చెత్తని రాసిందీ ఆమే. చివరికి ఆ రాతతోనే వాడి తల్లోంచి తనని తను తుడిచేసుకుంది. హిమబిందు కుర్చీలో వెనక్కి వాలి చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

కాసేపటికి ఇంకో ఆలోచన వచ్చింది. గిరి కంటే ముందు ఎంతమంది పెట్టుకున్నారు ఆ హెల్మెట్!

కస్తూరి అనే ఆవిడ గుర్తొచ్చింది. డాబాగార్డెన్స్‌లోని వీడియో గేమ్ పార్లర్లో చేపలాట ఆడుతూ పెరిగిన మనిషి. హెల్మెట్ తీశాక గంతులేసినంత పని చేసింది. ఆమెకి ఫోను చేస్తే భర్త ఎత్తాడు. సోమేశ్వర్రావు, బ్యాంకులో రిటైరయ్యాడు.

"మా ఆవిడ గుడికెళ్ళిందమ్మా. మీ ఆట గురించి ఇంకా చెప్పుకుంటూనే ఉంది" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మీరు చదువుకున్నవారు, మిమ్మల్నొకటి అడగొచ్చా? మేమిద్దరం ఆ పార్లర్లోనే కలుసుకున్నాం. మా ఆవిడ ఆడుతుంటే కుర్చీ వెనకాల నించుని చూసేవాణ్ణి. ఆటంటే ఇష్టమై కాదులెండి. ఇప్పుడేమో, నువ్వు ఆ పార్లరుకి ఎప్పుడొచ్చావు, నేనొక్కదాన్నే కదా వెళ్ళేదాన్ని అంటుంది. నేనేదో కథలు అల్లుతున్నానని నవ్వుతుంది. ఆ వయసు వచ్చేసిందంటారా? మతిమరుపు డాక్టరుకి చూపిద్దామనుకుంటున్నాను."

హిమబిందు నోరు తెరిచింది. చెప్పాల్సిన మాట నాలుక మీదే ఉంది.

"అవునండీ" అంది. "ఒకసారి చూపించండి."

ఫోను పెట్టేశాక, ఆ మాట అన్నది తనేనా అనిపించింది. పొద్దున్నుంచీ పడ్డ సిగ్గు ఒక ఎత్తు, ఆ ఒక్క 'అవునండీ' ఒక ఎత్తు.

*

కంపెనీ పెద్ద అభిరామ్. ఆమె కంటే పదేళ్ళు చిన్నవాడు, మర్యాదస్తుడే. అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"హిమబిందు గారూ, ఒక్కటి చెప్పండి. ఇంతమంది పెట్టుకున్నారు. ఒక్కళ్ళైనా కంప్లైంట్ ఇచ్చారా?"

"ఏం పోయిందో తెలిస్తే కదండీ ఇచ్చేది!"

"అదే నేనూ అంటున్నాను. తెలియనిదాని గురించి ఎవరూ బాధపడరు. అందరూ ఆనందంగా ఉన్నారు. మీ తమ్ముడు కూడా."

"ఆ ఆనందంలో నేను లేను."

అభిరామ్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "సరే, దానికేముంది. మీ జ్ఞాపకం మన దగ్గర ఉంది కదా. కొంచెం అటూ ఇటూ చేసి మీ తమ్ముడికి ఎక్కించేద్దాం. ఆయన పక్కన మీరు మళ్ళీ వచ్చేస్తారు."

"నా జ్ఞాపకంలో వైరు ఊడి ఉంటుంది."

ఆ జోకు అతనికీ తెలుసు. పార్టీలో అందరికంటే గట్టిగా నవ్వింది అతనే. ఇప్పుడు నవ్వలేదు. "పెట్టేయండి" అన్నాడు చాలా మామూలుగా. "వైరు పెట్టినట్టు మార్చేస్తే అయిపోయె. మనం చేసే పనే కదా అది. పాతదాన్ని బాగుచేసి ఇవ్వడం."

ఛీ అని లేచి వచ్చేసిందనుకుంటున్నారా? లేదు. ఆమె వెళ్ళి ఆ పనే మొదలుపెట్టింది. మధ్యాహ్నం భోజనం కూడా మాని, బల్లగుడ్డ కిందున్న వైరుని బయటికి లాగింది, తెచ్చి పెట్టెకి తగిలించింది. చిన్న బొటనవేలు నొక్కినప్పుడల్లా చేప కదిలేలా చేసింది. స్నేహితురాళ్ళ నవ్వులు తీసేసింది. తను కన్ను కొట్టడం తీసేసింది. అంతా అయ్యాక ఒకసారి మొదట్నుంచీ చూసుకుంది. ఎంత బాగుందో! తమ్ముడికి రిమోట్ ఇచ్చి, వాడు పగడాల్లో గుచ్చినా విసుక్కోకుండా మళ్ళీ ఆడించే అక్క. ఆ పిల్లని చూసి ఆమెకే ముద్దొచ్చింది.

రెండోసారి చూడబోయి మధ్యలో ఆపేసింది. ఎవరీ పిల్ల? ఈ పిల్లని వాడి తలలో పెట్టి, రేపట్నుంచీ వాడు 'మా అక్క' అని మురిసిపోతుంటే ఎదురుగా కూర్చుని పులుసు తినాలా? చిన్నప్పుడు చేతికి వైరు లేని రిమోట్ ఇచ్చింది. ఇప్పుడిస్తున్నదేంటి మరి? ఆమెకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, గదిలో ఇంకెవరూ లేకపోయినా. చేసినదంతా తుడిచేసింది.

మర్నాడు పొద్దున విడుదల గురించి మాట్లాడుకోవడానికి అందరూ హాల్లో చేరినప్పుడు లేచి నిలబడింది. "మీ అందరికీ నేనొక జోకు చెప్పేదాన్ని, గుర్తుందా?" అని మొదలుపెట్టింది. జల్లెడ దేనితో నేర్చుకుందో, ఏం ఏరి పారేస్తోందో అంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఎవరూ ఆమె కళ్ళలోకి చూడలేదు. అభిరామ్ ఏదో అనబోయాడు. ఈలోగా ఆమె ఫోను తీసి బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేలా నంబరు కలిపింది.

"సోమేశ్వర్రావు గారూ, నేనేనండీ. మీ ఆవిడకి మతిమరుపు కాదు. మా మిషను ఆ జ్ఞాపకంలోంచి మిమ్మల్ని తీసేసింది. ఆ పని చేసింది నేను. నిన్న మీరడిగినప్పుడు నాకు తెలుసు. తెలిసే అబద్ధం చెప్పాను."

ఆయన తిట్టలేదు, అరవలేదు. ఏదో వస్తువు సంగతి అడిగినట్టు అడిగాడు.

"అయితే తిరిగి పెట్టేయండమ్మా. ఎప్పుడు తీసుకురమ్మంటారు?"

"పెట్టలేమండీ" అంది హిమబిందు. ఆ ఒక్క మాట అనడానికి ఆమెకి ఒంట్లో ఉన్న శక్తంతా కావలసివచ్చింది.

చేపలాట విడుదల ఆగిపోయింది. గోడల మీది పోస్టర్లు మధ్యాహ్నానికల్లా దిగిపోయాయి. అభిరామ్ ఆమెతో మళ్ళీ మాట్లాడలేదు. హెల్మెట్ పెట్టుకున్న ప్రతివాళ్ళ ఇంటికీ ఆమే వెళ్ళి చెప్పింది. ఒక ఇంట్లో కాఫీ ఇచ్చారు, ఒక ఇంట్లో వాకిట్లోంచే పొమ్మన్నారు. కాఫీ ఇచ్చిన ఇల్లే ఎక్కువ కష్టమనిపించింది ఆమెకి. అందరి ఇళ్ళూ అయిపోయినా, గాజువాకలో తమ్ముడిల్లు మాత్రం మిగిలిపోయింది.

*

ఒక ఆదివారం పూట, ల్యాబులోని పాత గేము పెట్టె, రెండు రిమోట్లు, క్యాసెట్ సంచిలో వేసుకుని వెళ్ళింది. గిరి, అనూరాధ ఇద్దరూ ఉన్నారు. లాస్య ట్యూషన్ చెప్పడానికి వెళ్ళింది.

మిషను సంగతి చెప్పింది. వాడి తలలోంచి ఏం పోయిందో చెప్పింది. "నా పక్కన కూర్చునేవాడివిరా. రోజూ" అంది. గిరి మర్యాదగా విన్నాడు. "ఓహో, అలాగా" అన్నాడు. "పోనీలే అక్కా, చిన్నప్పటి సంగతులు కొన్ని పోతే మాత్రం ఏమైంది. ఇప్పుడు ఆడదాం రా. తెచ్చావుగా."

వైరు మాట దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. ఆట పెట్టాక చెబుదాంలే అనుకుంది. టీవీ ముందు గొంతుక్కూర్చుంది. క్యాసెట్ బయటికి తీసి, అలవాటుకొద్దీ ఒకసారి ఉఫ్ అని ఊది పెట్టింది. మొదటి రిమోట్ తగిలించి గిరికి ఇచ్చింది.

"ఇవాళ డైవరు నువ్వు. నేను చేపని."

"నీ ఇష్టం" అన్నాడు గిరి. ఇద్దరి ఆట ఎంచుకున్నాడు. నీలం నీళ్ళలోకి డైవరు దూకాడు. వెనకే పసుపు చేప దూకి, ఉన్నచోటే నిలబడిపోయింది.

"నొక్కక్కా."

"నొక్కుతున్నానురా."

"ఎక్కడ? అది కదలందే!"

హిమబిందు ఇంకా గట్టిగా నొక్కింది. గిరి ఆమె చేతిలోని రిమోట్‌కేసి చూశాడు. వైరు వెంట చూసుకుంటూ పోయి, టీవీ బల్లగుడ్డ ఎత్తాడు. వైరు కొస చుట్టచుట్టి గుడ్డ కింద ఉంది. దాన్ని అక్కడికి తోసింది ఆమె చెయ్యే. ఎప్పుడు తోసిందో ఆమెకే తెలియదు.

"ఏటక్కా, వైరెట్టకుండా ఆడేస్తున్నావ్!" అని నవ్వి, గిరి ముందుకు వంగి దాన్ని పెట్టెకి తగిలించాడు. "ఆఁ, ఇప్పుడాడు."

అంతే. ఆ పనికి వాడు ఆలోచించనైనా లేదు. ఊడిన వైరు కనపడింది, తగిలించాడు. అన్ని సెలవుల్లో, అన్ని మధ్యాహ్నాల్లో ఒక్కసారైనా ఆమె చేయని పని అది.

"గిరీ" అంది తల దించుకుని. "నేను నీకు ఎప్పుడూ ఆ వైరు పెట్టలేదురా."

ఇక ఆగలేదు. బల్లగుడ్డ, స్నేహితురాళ్ళ నవ్వులు, బొబ్బలెక్కిన వేలు, ఆఫీసు పార్టీలు, అన్నీ చెప్పేసింది. ఆ చేపని వాడు ఒక్కసారి కూడా కదిలించలేదని చెప్పింది. "తిట్టరా నన్ను. నాలుగు తిట్టు" అంది.

గిరి ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, లోపల ఎక్కడో వెతుక్కుంటున్నట్టు. చివరికి తనే తప్పు చేసినవాడిలా మొహం పెట్టాడు.

"కోపం రావట్లేదక్కా. గుర్తుంటే కదా రావడానికి. ఎవరో పిల్లాడి సంగతి చెబుతున్నట్టుంది నాకు. వాణ్ణి తలుచుకుంటే మాత్రం పాపం అనిపిస్తోంది."

ఆ పిల్లాడొక్కడే ఆమెని తిట్టగలిగినవాడు, ఒకవేళ మనసొప్పితే క్షమించగలిగినవాడు కూడా వాడే. వాణ్ణి ఆమె జల్లెడ పట్టి పారేసింది. ఎదురుగా ఉన్న ఈ మంచి మనిషి దగ్గర ఆమెకి ఇవ్వడానికి ఏమీ లేదు.

వంటింటి గుమ్మంలో అనూరాధ నిలబడి ఉంది. అంతా వింది. "నాకు మాత్రం ఇదంతా మళ్ళీ చెప్పకండి వదినా" అంది మెల్లగా. "ఆయన నాకు చెప్పిన అక్క ఒకావిడ ఉంది. నా దగ్గర ఆవిణ్ణే ఉండనివ్వండి." కళ్ళు ఒత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

హిమబిందు లేవబోయింది. గిరి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఎక్కడికి? ఆట సగంలో ఉంది. చేప నీకోసం ఆగిపోయింది చూడు."

ఆమె నొక్కింది. చేప కదిలింది. సొరచేప మీదికొస్తుంటే పక్కకి నొక్కింది, చేప పక్కకి తప్పుకుంది. చెప్పినట్టల్లా వింటోంది. గిరి మోకాళ్ళ మీద లేచి, చిన్నప్పటిలాగే కేక పెట్టాడు.

"సూపర్ అక్కా! నువ్వే కొట్టావు!"

హిమబిందు తలెత్తలేదు. కళ్ళకి తెర సరిగా కనపడకపోయినా, బొటనవేలితో అలా నొక్కుతూనే ఉంది.